పన్నెండో కొక్కెం

పాత యంత్రం గది, సొరంగం కార్యాలయం
మార్చి 4

చెల్లీ,

కవరు మీద నా చేతిరాత చూడగానే "ఓహో, ఇప్పటికి గుర్తొచ్చానా" అని మూతి తిప్పుకుంటావని తెలుసు. తిప్పుకోవడం అయ్యాక కళ్ళజోడు పెట్టుకుని చదువు.

రిటైరై తొమ్మిదేళ్ళయినదాన్ని, నన్ను మళ్ళీ పిలిపించారు. మన ముసలమ్మని తీసేస్తున్నారట. నువ్వూ నేనూ ఇంకో ఆరుగురూ కలిసి, ఫ్యాను కూడా లేని రేకుల షెడ్డులో చెమటలు కక్కుతూ కట్టిన కంప్యూటర్. ఈ దేశంలో సొంతంగా కట్టిన మొదటిది అదే కాబట్టి ముక్కలు చెయ్యకుండా మ్యూజియంలో పెడతారట. దాని కడుపులో ఏ తీగ ఎక్కడికి పోతుందో తెలిసినవాళ్ళు నేను తప్ప ఎవరూ మిగల్లేదు. అందుకని నాకు ఒక కుర్చీ, ఒక బల్ల, రోజుకి రెండుసార్లు చల్లారిపోయిన టీ.

మ్యూజియం అమ్మాయి ఒకతి పుస్తకం పట్టుకుని నా వెనకే తిరుగుతోంది. నేను గీసిన గీతల్ని నువ్వు రాగితీగతో అల్లేదానివనీ, తీగ ఇనుప రింగులోంచి దూరితే ఒకటి, పక్కనుంచి పోతే సున్నా అనీ, ముసలమ్మకి తెలిసిందంతా నీ సూదిలోంచి వచ్చిందేననీ చెబితే నోరు తెరుచుకుని వింది. "జ్ఞాపకశక్తిని చేత్తో అల్లారా మేడమ్?" అంది. అవునమ్మా, స్వెట్టర్ లాగే, కాకపోతే ఇందులో కుట్టు తప్పితే వేసేది చలి కాదు అన్నాను. అది కూడా రాసుకుంది.

అసలు విషయానికి వస్తాను. మార్చి ఒకటిన కొత్త యంత్రాన్ని తెచ్చి ముసలమ్మ పక్కన పెట్టి తీగలు కలిపారు. బిస్కట్ల డబ్బా అంత ఉంది. రెండు నెలలు రెండూ పక్కపక్కన పనిచెయ్యాలి, తర్వాత ముసలమ్మని ఆపేస్తారు. ఆ ఒకటో తారీఖు నుంచే ముసలమ్మ కొత్త వేషం మొదలుపెట్టింది.

కొక్కేల బోర్డు గుర్తుందిగా. ఊరికి నీళ్ళు పోయే సొరంగంలోకి పనికి దిగే ప్రతివాడూ తన ఇత్తడి బిళ్ళ ఒక కొక్కేనికి తగిలిస్తాడు. బరువుకి కొక్కెం దిగుతుంది, వెనక స్విచ్ కలుస్తుంది, టైపు మిషను "ఫలానా నంబరు లోపల" అని కొడుతుంది. ఒక్క కొక్కెం కిందికున్నా నీళ్ళ గేటు తెరుచుకోదు. మనిషి వచ్చి బిళ్ళ తీసుకుంటే "బయట" అని కొడుతుంది. ఇప్పుడు రోజూ పొద్దున పదీ నలభైకి, సొరంగంలోకి ఎవరూ దిగకుండానే, "12 లోపల" అని కొడుతోంది. సాయంత్రం గదికి తాళం వేసేదాకా అంతే. మర్నాడు వచ్చి చూస్తే కొక్కెం పైకే ఉంటుంది. కానీ "12 బయట" అని ఇంతవరకూ ఒక్కసారి కూడా కొట్టలేదు. పదీ నలభై తర్వాత గేటు తెరవనివ్వదు కాబట్టి ఊరి నీళ్ళు పొద్దున్నే వదిలేసుకుంటున్నారు.

స్ప్రింగు తుప్పు పట్టి ఉంటుంది. అల్లిక కాగితాలు నీ దగ్గరే ఉన్నాయి కదా, భద్రంగా ఉన్నాయో లేదో ఒక మాట రాయి. పంపొద్దు, టపాలో నలిగిపోతాయి.

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

అక్క


దర్జీ దుకాణం పై గది
మార్చి 15

అక్కా,

మూతి తిప్పుకున్నాను. రెండుసార్లు. మోకాళ్ళు మెట్లెక్కేటప్పుడు నన్ను తిడతాయి, దిగేటప్పుడు నేను వాటిని తిడతాను, అలా గడిచిపోతోంది. కింద దుకాణానికి రోజుకి నలభై కాజాలు కుట్టి ఇస్తున్నాను. నా కాజాలోంచి బొత్తాం జారిందని ఇంతవరకూ ఎవరూ తిరిగి రాలేదు. ఇది కూడా ఆ అమ్మాయిని రాసుకోమను.

కాగితాలు భద్రంగానే ఉన్నాయి. పెట్టె అడుగున ఉన్నాయి.

స్ప్రింగు తుప్పు అని రాశావు. అది ఎవరి కొక్కెమో గుర్తు రాలేదా? పన్నెండో కొక్కెం మా ఆయనది. మేస్త్రీ అందరికంటే చివర దిగాలి, చివర రావాలి అని పట్టుబట్టి ఆ చివరి కొక్కెం తీసుకున్నారు. ఆ రోజు అందరూ పైకి వచ్చేశాక, గోడలో పగులు ఇంకోసారి చూసొస్తానని ఒక్కరే దిగింది పదీ నలభైకే. ముప్ఫై ఒక్క ఏళ్ళయింది, నిమిషం కూడా మర్చిపోలేదు నేను. గేటు ఎప్పుడు తెరుచుకుందో కూడా రాయనా?

బిళ్ళ తగిలించడం మరిచిపోయాడని విచారణ కాగితంలో రాశారు. ఆ మనిషి పప్పులో ఉప్పు ఎక్కువైన రోజు కూడా పదేళ్ళ తర్వాత తారీఖుతో చెప్పేవారు. మరిచిపోయే మనిషి కాదని ఆ పెద్దమనుషులకి చెప్పాను. విన్నారు, ఎవరూ రాసుకోలేదు. నువ్వు కూడా అక్కడే కూర్చుని ఉన్నావు.

ఒక్క సంగతి అడుగుతాను. యంత్రం లోపల మనిషి ఉన్నాడంటోంది కదా, ఎవరైనా వెళ్ళి చూశారా?

నీ చెల్లెలు


పాత యంత్రం గది
ఏప్రిల్ 2

చెల్లీ,

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలు దాటింది. జవాబు రాద్దామని కూర్చుని లేచాను, మళ్ళీ కూర్చున్నాను. నీ కాజాల లాంటి పని చేసుకుని ఉంటే నా బతుకు ఎంత హాయిగా ఉండేదో.

స్ప్రింగు మార్చాను. వెనక స్విచ్ మార్చాను. అప్పటికీ కొట్టింది. ఆ కొక్కెం నుంచి యంత్రానికి పోయే రెండు తీగలూ కత్తిరించి చేతిలో పట్టుకుని నిలబడ్డాను. పదీ నలభైకి, తీగలు నా చేతిలో ఉండగా, టైపు మిషను "12 లోపల" అని కొట్టింది. నలభై ఏళ్ళు నేను చదువుకున్నదంతా ఆ గదిలో పనికిరాకుండా పోయింది.

తీగలు మళ్ళీ అతికించి, మర్నాడు ముందుగానే వెళ్ళి బోర్డు ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. కిటికీలోంచి ఎండ నేరుగా బోర్డు మీద పడుతోంది, చీకటీ లేదు, నీడా లేదు. గేటు మనిషి పక్కనే నిలబడి వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. పదీ నలభైకి కొక్కెం దిగింది. దబ్బున పడలేదు. ఎవరో బిళ్ళ తగిలించి, ఊగకుండా వేలితో ఒక్క క్షణం పట్టుకుని వదిలినట్టు నెమ్మదిగా దిగింది. మా మరిది అలాగే తగిలించేవాడు. నేను వేలు పెట్టి పైకెత్తాను, లేచింది. తియ్యగానే మళ్ళీ దిగింది. లాబ్‌లోంచి స్ప్రింగు తక్కెడ తెచ్చి కట్టి చూశాను. నలభై గ్రాములు. మన బిళ్ళ ఒక్కోటి ఎంత బరువో నీకు తెలుసు.

గేటు మనిషి చేతులు దులుపుకుని, "ఎవరో ఉన్నారు మేడమ్. ఉన్నవాళ్ళని లేరని అంటే ఎలా" అన్నాడు. మళ్ళీ వేరుశనక్కాయలు తీశాడు.

వెళ్ళి చూశారా అని అడిగావు. వాళ్ళు వెళ్ళి చూశారు. మొదటి వారంలోనే ఇద్దరు టార్చిలైట్లు పట్టుకుని రెండో మలుపు దాకా వెళ్ళారు. తడి గోడ తప్ప ఏమీ లేదన్నారు. నేను మాత్రం సొరంగం నోటి దగ్గరికి కూడా వెళ్ళలేదు.

మే తొమ్మిదిన, గురువారం, పెద్ద సభ. పెద్ద అధికారి వచ్చి కొత్త యంత్రంతో గేటు తెరుస్తారట, ముసలమ్మని ఆపేస్తారట, నాకు సన్మానమట. నువ్వూ రావాలి. కాగితాలు మాత్రం విప్పకు, మడతల దగ్గర చిరుగుతాయి. సభ అయ్యాక నేనే వచ్చి తీసుకుంటాను.

అక్క


దర్జీ దుకాణం పై గది
ఏప్రిల్ 11

గౌరవనీయులైన ఇంజినీరు గారికి,

తమరు విప్పవద్దన్న కాగితాలు విప్పాను. మడతల దగ్గర చిరగలేదు.

మొదటి అల్లిక కాగితంలో కొక్కేలు చూసే వరసలు సున్నా నుంచి పది దాకా ఉన్నాయి. అంటే పదకొండు. ఆయన పోయిన మూడు నెలలకి "చిన్న మార్పు, తీగలు పాతబడ్డాయి" అని తమరు తెచ్చి నాచేత అల్లించిన రెండో కాగితంలో సున్నా నుంచి పదకొండు దాకా ఉన్నాయి. అంటే పన్నెండు. రెండు కాగితాలకీ ఉన్న తేడా ఆ ఒక్క వరసే.

లెక్క సున్నా నుంచి మొదలుపెట్టాలని నాకు నేర్పింది తమరే. సున్నా నుంచి లెక్కపెడితే పన్నెండో కొక్కెం నంబరు పదకొండు అవుతుంది. ఆ పదకొండుని తమరు వరసల సంఖ్య అనుకుని రాసేశారు. అంతేనా? నాకు చదువు తక్కువ, తప్పయితే దిద్దండి.

అదే నిజమైతే, ఆ రోజు పన్నెండో కొక్కేనికి బిళ్ళ ఉన్నా యంత్రానికి కనిపించదు. కానీ బోర్డు మీద బిళ్ళ లేదన్నారు. ఆయన జేబులోనూ దొరకలేదు. నీళ్ళలో కొట్టుకుపోయి ఉంటుందని రాసుకున్నారు. గేటు తెరుచుకున్నాక బోర్డు దగ్గరికి అందరికంటే ముందు పరుగెత్తింది తమరే.

బిళ్ళ ఎక్కడుంది?

కాజాలు కుట్టే మనిషి


పాత యంత్రం గది
ఏప్రిల్ 20

చెల్లీ,

నన్ను తమరు అని పిలవకు. తిట్టు, పడతాను.

బిళ్ళ కొక్కేనికే ఉంది. పన్నెండో దానికి, నిటారుగా వేలాడుతోంది. కింద నీళ్ళ హోరు వినిపిస్తోంది. గేటు తెరుచుకుందంటే లోపల ఎవరూ లేరని అందరి నమ్మకం; మేస్త్రీ ఇంకా రాలేదని ఎవరో అరిచాకే పరుగెత్తాను. నేను బోర్డు చూశాను, బిళ్ళ చూశాను, నా తప్పేమిటో అక్కడికక్కడే అర్థమైంది. కాగితం అక్కర్లేకపోయింది. నువ్వు రాసినట్టే, పదకొండు.

మేం పరీక్ష చేసినప్పుడు పదకొండు బిళ్ళలే తయారై వచ్చాయి. పదకొండూ తగిలించి చూశాం, పదకొండూ కనిపించాయి, చప్పట్లు కొట్టుకున్నాం. పన్నెండోది మా మరిది మేస్త్రీ అయ్యాక చేయించారు. దాన్ని ఎవరూ విడిగా పరీక్షించలేదు. అతను దిగినప్పుడల్లా మిగతావాళ్ళ బిళ్ళలు కూడా ఉండేవి కాబట్టి బయటపడలేదు, టైపు కాగితంలో పన్నెండు పడలేదని ఎవరూ చూడలేదు. ఒక్కడే దిగింది ఆ ఒక్క రోజే.

ఆ నిమిషంలో నేను నీ గురించి ఆలోచించానని రాయాలనుంది. ఆలోచించలేదు. యంత్రం గురించి ఆలోచించాను. ఆడది కట్టిన యంత్రం మనిషిని చంపిందంటారు, తుక్కు కింద అమ్మేస్తారు, ఇక ఈ దేశంలో ఇంకెవరినీ కట్టనివ్వరు అనుకున్నాను. బిళ్ళ తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను. తర్వాత వెళ్ళి కిందికి పారే నీళ్ళలో వేశాను. విచారణలో "బోర్డు మీద బిళ్ళ లేదు" అన్నాను. వాళ్ళు వచ్చేసరికి లేదు కదా, అబద్ధం కాదని నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధమే.

దానిమీదే నా పేరు, నా పదవులు, నా శిష్యులు, అన్నీ. నువ్వు పక్కింటి వాళ్ళ బట్టలు కుట్టుకుంటూ బతుకుతుంటే నేను కంప్యూటర్ల తల్లినని పత్రికల్లో వేయించుకున్నాను. ప్రతి నెలా నీకు ఉత్తరం రాద్దామనుకుని ఏడాదికొకటి రాశాను. ఎందుకో నీకు ఇప్పుడు తెలిసింది.

నువ్వు చెప్పమంటే సభలో అందరి ముందూ చెబుతాను. వద్దంటే ఆపేస్తాను. నీ ఇష్టం.

పొద్దున కొక్కెం దిగింది. నేను నమస్కారం పెట్టాను. గేటు మనిషి చూడనట్టు కిటికీ వైపు తిరిగాడు.

అక్క


దర్జీ దుకాణం పై గది
ఏప్రిల్ 29

అక్కా,

నా ఇష్టమా? భలేదానివే. తప్పు నువ్వు చేసి, దాన్ని దాచి, ఇప్పుడు చెప్పాలా వద్దా అన్నది నా నెత్తిన పెడుతున్నావు. నేను చెప్పను. చిన్నప్పటి నుంచీ ఇంతే నువ్వు, గిన్నె పగలగొట్టి ముక్కలు నా చేతికిచ్చేదానివి.

ఒక సంగతి నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. ఇది చెప్పకుండా నిన్ను తిట్టే హక్కు నాకు లేదు.

రెండో అల్లిక అల్లేటప్పుడే నాకు తెలిసిపోయింది. అప్పుడే లెక్కపెట్టాను. ఇన్నేళ్ళూ నువ్వు నీ నోటితో చెబుతావని చూశాను. అది నా పంతం, పోనీ అనుకో. కానీ అంతకు ముందు మొదటి అల్లిక కూడా నేనే అల్లాను కదా. బోర్డుకి పన్నెండు కొక్కేలు బిగించారని మా ఆయన ఇంటికొచ్చి చెప్పారు. నేను అల్లుతున్నది పదకొండు వరసలు. నా వేళ్ళకి లెక్క తప్పదు, నీకు తెలుసు. ఇదేంటి, ఒకటి తక్కువుందే అని సూది ఆపాను. నువ్వు అవతలి బల్ల దగ్గర పెద్దవాళ్ళతో ఏదో గట్టిగా వాదిస్తున్నావు. అక్కకి తెలియదా, అడిగితే అందరి ముందూ నవ్వుతుంది అనుకున్నాను. మళ్ళీ సూది కదిలించాను.

ఆ సూది ఆపిన చోటు నాకు కలలోకి వస్తుంది. నువ్వు బిళ్ళ దాచావు, నేను మాట దాచాను. నా మాట ముందు.

సరే, ఏడిచింది చాలు, ఇది విను. నువ్వు రెండో కాగితాన్ని తీగల మరమ్మతు అని రాయించావు, తప్పు దిద్దినట్టు ఎక్కడా రాయలేదు. ఆ కాగితం నా పెట్టెలో ఉంది. ఆఫీసు ఫైల్లో ఉన్నది మొదటిదాని నకలే. మరి ఆ బిస్కట్ల డబ్బా చేసినవాళ్ళకి ఏ కాగితం ఇచ్చారు?

కొత్తది తెచ్చి పెట్టిన రోజు నుంచే ఆయన ఎందుకు దిగుతున్నారో నాకు అర్థమైంది. నీకూ అర్థమయ్యే ఉంటుంది. వెళ్ళి చూడు.

నేను గురువారం వస్తాను. ఆయన లోపల ఉండగా ముసలమ్మని ఆపనివ్వకు. లోపలి మనిషి పైకి రాకుండా యంత్రం జోలికి వెళ్ళకూడదని రూలు పెట్టింది నువ్వే.

నీ చెల్లెలు


(మ్యూజియం అమ్మాయి చేతికి ఇచ్చిన కవరు)
యంత్రం గది
మే 9, పొద్దున పది గంటలు

చెల్లీ,

నీ బస్సు ఎప్పుడూ ఆలస్యమే. నువ్వు వచ్చేసరికి నేను ఇక్కడ ఉండను, అందుకే ఈ చీటీ.

చూశాను. నువ్వు అన్నది నిజం. కొత్తదానికి మొదటి కాగితమే ఇచ్చారు. పదకొండు వరకే చూస్తుంది. ఇప్పుడు సొరంగంలో పనిచేసే పన్నెండో మనిషికి పెళ్ళయి ఏడాది కూడా కాలేదు.

సోమవారం కొత్త యంత్రం చీఫ్‌కి చెప్పాను. బిళ్ళ తగిలించి చూపించాను. తెర మీద "లోపల ఎవరూ లేరు" అనే ఉంది. కొక్కెం పాడైపోయింది మేడమ్, మీరే స్ప్రింగు మార్చారు కదా, సభ అయ్యాక చూద్దాం అన్నాడు. నాది ముసలితనపు చాదస్తం అని అతని ముఖంలో ఉంది. ఫైల్లో కాగితం ఏం చెబుతుందో అదే అతనికి నిజం. ఆ కాగితాన్ని అలా ఉంచింది నేను. అతన్ని ఏమనను?

జరిగినదంతా మూడు పేజీలు రాసి, సంతకం చేసి, ఈ అమ్మాయికి ఇచ్చాను. చదివి ఏడ్చింది. మ్యూజియం బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు రాస్తానంది.

కాగితాలు సభ అయ్యాక చదువుతారు. గేటు అంతకు ముందే తెరుస్తారు, దాని తీగ ఇవాళ పొద్దున కొత్తదానికే మార్చారు. అందుకని నేను మా మరిది చేసిందే చేస్తాను. పదీ నలభైకి ఒక బిళ్ళ పన్నెండో కొక్కేనికి తగిలించి లోపలికి దిగుతాను. నేను లోపల ఉండగా ఆ తెర ఎవరూ లేరంటే, అప్పుడు కొక్కెం పాడని ఎవరూ అనలేరు. గేటు మనిషికి చెప్పాను, నేను పైకి వచ్చేదాకా తెరవడు.

ఇంకో పని కూడా ఉంది. అతన్ని పైకి రమ్మని ఇన్నేళ్ళలో ఎవరూ పిలవలేదు. పిలవాల్సింది నేనే.

భయంగానే ఉంది.

అక్క


దర్జీ దుకాణం పై గది
మే 16

అక్కా,

నీకు జ్వరం తగ్గలేదని మ్యూజియం అమ్మాయి రాసింది. తగ్గకపోయినా సరే, తిట్లు తినాలి. ఆసుపత్రి మంచం మీద పడుకుని ఇది చదువు.

నువ్వు చావడానికి వెళ్ళావని నేను అనను. బతకడానికి వెళ్ళావని కూడా అనను. గేటు మనిషికి చెప్పావు, సరే. సభ రోజున గేటు తెరిచేది గేటు మనిషి కాదని నీకు తెలియదా? పెద్ద అధికారి నొక్కుతారని నువ్వే నాకు రాశావు. పాపం ఆ గేటు మనిషిని కుర్చీలు వెయ్యమని ఆవరణలోకి పంపించేశారు.

నేను వచ్చేసరికి పదకొండు దాటింది. ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి కవరు ఇచ్చింది. కళ్ళజోడు సంచి అడుగున ఉంది. తీసి, తుడుచుకుని, నిలబడి చదివాను. గది నిండా కోట్లు వేసుకున్న మగవాళ్ళు, ఎవరూ బోర్డు వైపు చూడటం లేదు. పన్నెండో కొక్కేనికి బిళ్ళ ఉంది. ముసలమ్మ టైపు మిషను కొడుతూనే ఉంది, "12 లోపల, 12 లోపల" అని, ఆపకుండా. అంత గోలలో కాగితం మీద కాగితం పడుతుంటే, ముసలిది వీడ్కోలు చెబుతోందని ఎవరో జోకు వేశారు, అందరూ నవ్వారు. కొత్త తెర మీద ఆకుపచ్చ అక్షరాల్లో "లోపల ఎవరూ లేరు" అని ఉంది. పెద్ద అధికారి వేలు చాపాడు.

నాకు నోరు రాలేదక్కా. నిజం చెబుతున్నాను. పెద్దవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, వాళ్ళకి తెలియదా అని మళ్ళీ అదే మాట అడ్డుపడింది. ఒక్క క్షణమే. ఆ క్షణంలో ఇంకో సంగతి కూడా వచ్చింది, అది నీకు చెప్పకుండా ఉండలేను. ఊరుకుంటే చాలు, లెక్క సరిపోతుంది అనిపించింది. నా మొగుడికి జరిగింది నీకు జరుగుతుంది, నేను ఏమీ చెయ్యక్కర్లేదు, ఊరుకుంటే చాలు.

తర్వాత ఏం చేశానో ఆ పిల్ల చెబితే తెలిసింది. వెళ్ళి ఆ అధికారి మణికట్టు పట్టుకున్నానట. ఎవరీవిడ అన్నారట. "కాజాలు కుట్టేదాన్ని. ఆ యంత్రాన్ని అల్లింది నేను. మా అక్క లోపల ఉంది. తెర చూడకండి, కొక్కెం చూడండి" అన్నానట. చీఫ్ బోర్డు చూశాడు, తెర చూశాడు, మళ్ళీ బోర్డు చూశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. తనే చేత్తో కొత్త యంత్రం తీగ పీకేశాడు.

సొరంగం నోటి దగ్గరికి నేనే వచ్చాను. ఎండ బాగా కాస్తోంది, లోపల పది అడుగుల దూరం దాకా కనిపిస్తోంది. అక్కా అని పిలిచాను. పలకలేదు నువ్వు. ఇంకో పిలుపు ఉంది, అది ఇన్నేళ్ళుగా నా నోట రాలేదు. "ఏమండీ, పని అయింది, ఇక రండి" అన్నాను.

అడుగుల చప్పుడు వినిపించింది. నువ్వు మోకాళ్ళ దాకా తడిసి, గోడ పట్టుకుని వస్తున్నావు, చెప్పులు లేవు. నీ కాళ్ళకి చెప్పులు లేవు అక్కా. మాకు వినిపించింది బూట్ల చప్పుడు. నీ పక్కనే, నీకంటే ఒక అడుగు వెనక. నువ్వు ఎవరో చెయ్యి పట్టుకున్నట్టు ఎడమ చెయ్యి పక్కకి చాచి ఉన్నావు. చీఫ్ నా చెవి దగ్గరికి వంగి, "లోపలికి ఇద్దరు వెళ్ళారా?" అని అడిగాడు. అవునన్నాను.

నువ్వు స్పృహ తప్పి పడిపోయాక గదిలోకి వెళ్ళి చూశాం. బిళ్ళ ఎవరూ తియ్యలేదు, కొక్కేనికి వేలాడుతూనే ఉంది. కొక్కెం మాత్రం పైకి లేచి ఉంది. టైపు మిషను చివరి వరసలో "12 బయట" అని కొట్టి ఆగిపోయింది. గేటు మనిషి ఆ కాగితం చింపి నాకిచ్చాడు. తర్వాతే ముసలమ్మని ఆపనిచ్చాను.

కొత్తదాన్ని దిద్దుతున్నారు. పన్నెండూ విడివిడిగా తగిలించి, ఒక్కొక్కటీ నా కళ్ళ ముందు చూపించాకే గేటు ముట్టుకోవాలని చీఫ్‌తో రాయించుకున్నాను. నీ మూడు పేజీల కింద నాది కూడా ఒక పేజీ చేర్చాను. లెక్కపెట్టి ఊరుకున్నది నేనని. మ్యూజియం బోర్డు మీద రెండూ ఉంటాయట. నీకు సన్మానం మాత్రం లేదు, కుర్చీలు తీసేశారు.

నిన్ను క్షమించానా అని అడగకు. నాకే తెలియదు. ఊరుకోలేదు, అంతవరకు తెలుసు.

ఇక పని మాట. పాత విచారణ కాగితం తీయించాను, దీనితోపాటు పంపుతున్నాను. "బిళ్ళ తగిలించడం మరిచిపోయాడు" అన్న వాక్యాన్ని నేనే గీత పెట్టి కొట్టేశాను. కొట్టేసిన చోట అప్పుడు సాక్ష్యం చెప్పిన నీ సంతకం ఉండాలట, అప్పుడే చెల్లుతుందట. జ్వరం తగ్గాక పెడతానని పక్కన పడెయ్యకు. ఇవాళే పెట్టి తిరుగు టపాలో పంపు అక్కా. మా ఆయన రోజూ అడుగుతున్నారు.

నీ చెల్లెలు